కంప్యూటరు కుప్పలో లెక్కలు

పిల్లలూ! పల్నాడు జిల్లాలో మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఎత్తిపోతల జలపాతం ఉంది. మీలో కొందరు చూసే ఉంటారు. చూడనివారు పటంలో వెతకండి. దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు దూకి మడుగులో పడతాయి. అక్కడి నుంచి సుమారు 3 కిలోమీటర్లు పారి కృష్ణలో కలుస్తాయి. చంద్రవంక వాగు, నక్కల వాగు, తుమ్మల వాగు అనే మూడు వాగులు కలిస్తేనే ఈ జలపాతం.

ఎదుటి గట్టు మీద నిలబడి చూస్తే, పడుతున్న నీటిలో ఏది చంద్రవంక నీరో, ఏది తుమ్మల వాగు నీరో చెప్పగలరా? చెప్పలేరు. ఒకరోజు నీళ్లు బాగా ఎర్రగా వచ్చాయనుకోండి. ఆ మట్టిని ఏ వాగు తెచ్చింది? తెలుసుకోవాలంటే ఒకటే దారి. వాగుల వెంట పైకి నడిచి, ఒక్కొక్కదాన్ని విడివిడిగా చూడాలి.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికి కూడా ఇలాంటి చిక్కే వస్తుంది. ప్రోగ్రాము మెమొరీ వాడుతూనే ఉంటుంది. మొత్తం ఎంత వాడుతున్నదో తెలుస్తుంది. కాని ప్రోగ్రాములో ఏ భాగం ఎంత వాడుతున్నదో పైకి కనిపించదు. దాన్ని విడదీసి బొమ్మగా గీసి చూపించే పరికరాలు ఉన్నాయి. వాటిని డబ్బిచ్చి కొనక్కర్లేదు. అవి ఎలా పనిచేస్తాయో, వాటితో ఏం పనో ఇప్పుడు చూద్దాం.

దొంతర, కుప్ప

ముందు మెమొరీ సంగతి తెలియాలి. కంప్యూటరు మెమొరీని కొలిచే ప్రమాణం బైటు. ఇంగ్లీషు అక్షరం ఒకటి దాచడానికి 1 బైటు చాలు. మన తెలుగుకు యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో గుర్తుకు 3 బైట్లు కావాలి. వత్తులు, గుణింతపు గుర్తులు విడిగా లెక్కకు వస్తాయి. 'ఎత్తిపోతల' అనే మాటలో ఎ, త, పొల్లు, త, గుడి, ప, ఓత్వం, త, ల అని 9 గుర్తులున్నాయి. అంటే ఆ మాటకు 27 బైట్లు పడతాయన్నమాట! 1024 బైట్లు ఒక కిలోబైటు, 1024 కిలోబైట్లు ఒక మెగాబైటు.

ప్రోగ్రాము తన సమాచారాన్ని ముఖ్యంగా రెండు చోట్ల పెట్టుకుంటుంది. మొదటిది దొంతర. దీన్నే స్టాక్ అంటారు. కుండల దొంతర చూశారు కదా? చివర పెట్టిన కుండను ముందు తీయాలి. ప్రోగ్రాములో ఒక చిన్న పని మొదలైనప్పుడు దానికి కావలసిన అంకెలు దొంతర మీదికి చేరతాయి. పని ముగియగానే వాటంతట అవే దిగిపోతాయి. ఇక్కడ పెద్దగా పేచీ లేదు.

రెండవది కుప్ప. దీన్ని హీప్ అంటారు. జలపాతం చూడటానికి వచ్చేవారి పేర్లు రాసుకునే ప్రోగ్రాము ఒకటి ఉందనుకోండి. ఈవేళ 10 మంది రావచ్చు, రేపు 10,000 మంది రావచ్చు. ఎంత చోటు కావాలో ముందే తెలియదు. ఎంతసేపు కావాలో కూడా తెలియదు. అలాంటప్పుడు ప్రోగ్రాము కుప్పలో చోటు అడుగుతుంది. సి భాషలో ఇలా అడగడానికి 'మాలాక్' అనీ, పని అయ్యాక తిరిగి ఇచ్చేయడానికి 'ఫ్రీ' అనీ ఆజ్ఞలున్నాయి. అడగడం ప్రోగ్రాము పనే, తిరిగి ఇవ్వడమూ ప్రోగ్రాము పనే. తిప్పలన్నీ ఈ రెండో పనితోనే వస్తాయి.

రసీదు పోయిన టిక్కీలు

పల్నాటి రైతులు మిర్చి ధర లేనప్పుడు టిక్కీలను కోల్డ్ స్టోరేజిలో పెడతారు. టిక్కీలు లోపల పెట్టగానే రసీదు ఇస్తారు. ధర వచ్చినప్పుడు రసీదు చూపి సరుకు తెచ్చుకుంటారు. కుప్ప కూడా అంతే. చోటు అడిగిన ప్రోగ్రాముకు ఆ చోటు చిరునామా దొరుకుతుంది. దాన్ని పాయింటరు అంటారు. అదే రసీదు.

ఇప్పుడొక విచిత్రమైన కోల్డ్ స్టోరేజిని ఊహించుకోండి. అక్కడ ఖాతా పుస్తకంలో పేర్లుండవు. రసీదు ఉంటేనే సరుకు బయటికి వస్తుంది. ఒక రైతు రసీదు పోగొట్టుకున్నాడు. ఏమవుతుంది? ఆ టిక్కీలు లోపలే ఉంటాయి. ఎవరికీ పనికిరావు. వాటి చోట ఇంకొకరి సరుకు పెట్టడానికీ వీల్లేదు. రోజుకు ఒక్క రసీదు పోయినా కొన్నాళ్లకు గిడ్డంగి నిండిపోతుంది. నిండిన నాడు కొత్తగా బండి తోలుకొచ్చిన రైతును గుమ్మంలోనే ఆపేస్తారు. తప్పు చేసినవాడు ఒకడు, నష్టపోయినవాడు ఇంకొకడు!

ప్రోగ్రాములో ఇలా జరిగితే దాన్ని మెమొరీ లీక్ అంటారు. లీక్ అంటే కారడం. కాని ఇక్కడ మెమొరీ ఎక్కడికీ కారిపోదు. కుప్పలోనే ఉంటుంది, వాడుకోవడానికి మాత్రం అందదు.

అయితే ఒక మంచి సంగతి ఉంది. ప్రోగ్రాము ముగిసినప్పుడు అది తీసుకున్న చోటు మొత్తాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ వెనక్కు తీసుకుంటుంది. అందుకే ఒక నిమిషం పనిచేసి ఆగిపోయే ప్రోగ్రాములో లీక్ ఉన్నా మనకు తెలియదు. నెమ్మదించిన ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెడితే చాలాసార్లు బాగుపడటానికి ఇదొక కారణం. కాని పగలూ రాత్రీ ఆగకుండా నడవాల్సిన ప్రోగ్రాముల మాటేమిటి?

లండన్‌లో ఒక తెల్లవారుజాము

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో 108 అంబులెన్సు సేవ మొదలయింది. ఎవరికైనా ప్రమాదం జరిగితే 108కి ఫోను చేస్తాం. ఏ బండి దగ్గరలో ఉందో చూసి పంపిస్తారు. ఇలాంటి పనిని కంప్యూటరుకు అప్పగించాలని లండన్ అంబులెన్సు సర్వీసువారు అంతకు చాలా ముందే తలపెట్టారు. వారి కొత్త పద్ధతి 1992 అక్టోబరు 26న మొదలయింది. మొదలైన రోజే అనేక లోపాలు బయటపడి, మరునాటికి సగం పని మళ్లీ మనుషులే చేయవలసి వచ్చింది. ఆ లోపాలు వేరు. మనకు కావలసింది ఆ తరువాత జరిగినది.

1992 నవంబరు 4. తెల్లవారుజామున 2 గంటలు దాటింది. కంప్యూటరు నెమ్మదించింది. కాసేపటికి పూర్తిగా బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ మొదలుపెట్టినా దారికి రాలేదు. ఒక కంప్యూటరు ఆగితే ఇంకొకటి అందుకోవాలన్న ఏర్పాటు కూడా అక్కరకు రాలేదు. చివరకు కాగితం, కలం పట్టుకుని పని నడిపించారు. అటు ఫోన్లలో ఉన్నది ప్రాణాపాయంలో ఉన్న మనుషులు!

విచారణలో కారణం తేలింది. సుమారు మూడు వారాల కిందట ప్రోగ్రాములో ఒక చిన్న ముక్క మిగిలిపోయింది. ఒక్కొక్క బండిని పంపినప్పుడల్లా ఆ ముక్క సర్వరులో కొద్దిపాటి మెమొరీ తీసుకుని తిరిగి ఇవ్వకుండా వదిలేసింది. అలా కొద్దికొద్దిగా మూడు వారాల్లో మెమొరీ అంతా అయిపోయింది.

'కొద్దిపాటి' అంటే ఎంత కొద్దో లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. ఒక్కో పిలుపుకు 200 బైట్లు తిరిగి ఇవ్వలేదనుకోండి. అది రెండు మూడు తెలుగు వాక్యాలకు కూడా చాలదు. రోజుకు 2,000 పిలుపులు వస్తే 4,00,000 బైట్లు. 21 రోజులకు 84,00,000 బైట్లు. 8 మెగాబైట్లంటే 83,88,608 బైట్లు. అంటే 8 మెగాబైట్ల మెమొరీ ఉన్న కంప్యూటరు సరిగ్గా 21వ రోజున చేతులెత్తేస్తుంది! మొదటి 20 రోజులూ పైకి అంతా బాగానే ఉన్నట్లు ఉంటుంది. ఇలాంటి తప్పును కంటితో పట్టుకోవడం అందుకే కష్టం.

కుప్పకు ఫొటోలు

కంటికి కనిపించనిదాన్ని చూడటానికి మనం పరికరాలు చేసుకుంటాం. జ్వరం చూడటానికి థర్మామీటరు, సూక్ష్మజీవులను చూడటానికి మైక్రోస్కోపు. కుప్పను చూడటానికి వాడే పరికరాల్లో ఒకటి మాసిఫ్. ఇది వాల్‌గ్రిండ్ అనే పరికరాల పెట్టెలో ఒక భాగం. వాల్‌గ్రిండ్‌ను జూలియన్ సీవర్డ్ మొదలుపెట్టారు. అది 2002లో విడుదలయింది. మాసిఫ్‌ను నికొలస్ నెదర్‌కోట్ రాశారు. నార్వే, ఐస్‌లాండ్ ప్రాంతాల పురాణగాథల్లో వీరస్వర్గపు ద్వారం పేరు వాల్‌గ్రిండ్. మాసిఫ్ అంటే కొండల గుంపు. ఆ పేరు ఎందుకు పెట్టారో ఇంకొంచెం చదివితే మీకే తెలుస్తుంది.

ఇది ఓపెన్ సోర్స్ పరికరం. అంటే దీని ప్రోగ్రాము అందరికీ తెరిచిన పుస్తకం. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, లోపల ఎలా రాశారో చదవవచ్చు, మార్చుకోవచ్చు, తోటివారికి పంచవచ్చు. లినక్స్ ఉన్న కంప్యూటరులో దీన్ని పెట్టుకోవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ లినక్స్‌ను తెలుగులోకి కూడా తెచ్చింది.

మాసిఫ్ ఎలా పనిచేస్తుంది? గిడ్డంగి గుమ్మం దగ్గర ఒక గుమాస్తాను కూర్చోబెట్టినట్లనుకోండి. ప్రోగ్రాము 'మాలాక్' అన్నప్పుడల్లా ఎన్ని బైట్లు అడిగిందో అతను రాసుకుంటాడు. 'ఫ్రీ' అన్నప్పుడల్లా తిరిగి వచ్చినవి కొట్టేస్తాడు. అంతేకాదు, ఎవరు అడిగారు, వారిని ఎవరు పంపారు, ఆ పంపినవారిని ఎవరు పంపారు అని వరుసగా అడిగి రాసుకుంటాడు. మధ్య మధ్య కుప్ప మొత్తానికి ఫొటోలు తీసినట్లు లెక్క తీస్తాడు. వీటిని స్నాప్‌షాట్లు అంటారు.

ఫొటోలు ఎన్ని తీయాలి? మామూలుగా 100కు మించనివ్వదు. ప్రోగ్రాము ఎంతసేపు నడుస్తుందో ముందే తెలియదు కదా, మరి ఎలా? చిన్న యుక్తి ఉంది. 100 నిండగానే వాటిలో సగం తీసి పారేస్తుంది. అక్కడి నుంచి ఫొటోల మధ్య ఎడం పెంచుతుంది. మళ్లీ నిండితే మళ్లీ అంతే. మెమొరీ లెక్క చూసేవాడే మెమొరీ అంతా తినేస్తే ఎలా?

ఆ ఫొటోల నుంచి గ్రాఫు తయారవుతుంది. అడ్డంగా కాలం, నిలువుగా కుప్పలో వాడుతున్న బైట్లు. కాలాన్ని మామూలుగా సెకండ్లలో కాక, కంప్యూటరు చేసిన ఆజ్ఞల సంఖ్యలో కొలుస్తుంది. ఎందుకంటే ఒకే ప్రోగ్రాము ఒకసారి 5 సెకండ్లు, మరోసారి 7 సెకండ్లు తీసుకోవచ్చు. ఆజ్ఞల సంఖ్య అంతగా మారదు. అన్నిటికంటే ఎత్తుగా పెరిగిన చోటును శిఖరం అంటారు. గ్రాఫులో దానికి # గుర్తు వేస్తుంది. ఎగుడు దిగుడుగా లేచిన ఆ గీతల వరుసను దూరం నుంచి చూస్తే కొండల గుంపులాగే ఉంటుంది. పేరు ఎందుకు వచ్చిందో తెలిసిందా?

ఇంత లెక్క రాయించడం వల్ల ప్రోగ్రాము మామూలు కంటే చాలా నెమ్మదిగా నడుస్తుంది. అది తప్పదు. గుమ్మంలో ప్రతి బండినీ ఆపి ప్రశ్నలు వేస్తే ఆలస్యం కాదా?

మూడు వాగుల లెక్క

ఇప్పుడు ఎత్తిపోతలకు వద్దాం. కథల పుస్తకంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రోగ్రాము ఒకటి ఉందనుకోండి. అందులో మూడు భాగాలు. పుస్తకాన్ని చదివేది, మాటలు లెక్కించేది, ఫలితాన్ని ముద్రించేది. ఒక్కో నిమిషానికి కుప్పలో మొత్తం ఎన్ని మెగాబైట్లు వాడుతున్నదో ఇదిగో:

17, 29, 21, 33, 25, 37.

పెరుగుతున్నది, తగ్గుతున్నది. తప్పుందా, లేదా? చూడగానే చెప్పడం కష్టం. ఇది జలపాతం లాంటిది. ఇప్పుడు వాగుల వెంట పైకి వెళ్దాం.

చదివే భాగం: 10, 10, 10, 10, 10, 10.
లెక్కించే భాగం: 5, 15, 5, 15, 5, 15.
ముద్రించే భాగం: 2, 4, 6, 8, 10, 12.

చదివే భాగం తీసుకున్నది పట్టుకుని కూర్చుంది, అంతకు మించి అడగలేదు. లెక్కించే భాగం ఎక్కువ తీసుకుంటున్నది, కాని తిరిగి ఇచ్చేస్తున్నది. ముద్రించే భాగమో, నిమిషానికి 2 చొప్పున తీసుకోవడమే కాని ఇవ్వడం లేదు. తప్పు అక్కడుంది!

ఒక సంగతి గమనించారా? ఆరవ నిమిషంలో అందరికంటే ఎక్కువ వాడుతున్నది లెక్కించే భాగం. ఎక్కువ వాడేవారిదే తప్పనుకుంటే అమాయకుణ్ణి పట్టుకునేవారం. ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పకూడదు. వరుసగా అన్ని ఫొటోలూ చూడాలి. ఈ భాగాలను వేరు వేరు రంగుల పొరలుగా పరిచి చూపడానికి మాసిఫ్ విజువలైజర్ అనే మరో ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఉంది. దాన్ని మిలియన్ వోల్ఫ్ రాశారు. ఆయనే 2014లో హీప్‌ట్రాక్ అనే ఇంకొక పరికరం విడుదల చేశారు. అది మాసిఫ్ కంటే వేగంగా పనిచేస్తుంది. బొమ్మలో ఒక రంగుపొర ఆగకుండా లావెక్కుతుంటే కంటికి ఇట్టే ఆనుతుంది.

పెరిగేదంతా లీక్ కాదు

మరి గ్రాఫు పైకి పోతే చాలు, అది లీక్ అని తేల్చేయవచ్చా? తొందరపడకూడదు. కొన్ని ప్రోగ్రాములు మళ్లీ కావలసి వస్తుందని కొంత సమాచారాన్ని కావాలనే దాచుకుంటాయి. అలాంటివి కొంతవరకు పెరిగి ఆగిపోతాయి. కాబట్టి చాలాసేపు నడిపి చూడాలి.

ఇంకొక చిక్కు ఉంది. రసీదు పోలేదు, ఇంట్లో పెట్టెలో భద్రంగానే ఉంది. కాని దాన్ని తీసుకుని ఎవరూ గిడ్డంగికి వెళ్లడం లేదు. టిక్కీలు అలాగే ఉన్నాయి. వాల్‌గ్రిండ్ పెట్టెలోనే మెమ్‌చెక్ అనే పరికరం ఉంది. అది పోయిన రసీదులను వెతికి పెడుతుంది. పెట్టెలో ఉన్న రసీదులను అది తప్పు కింద లెక్కించదు. మాసిఫ్ గ్రాఫులో మాత్రం ఇవి కూడా ఎత్తుగా కనిపిస్తాయి. అందుకే రెండూ కావాలి.

జావా, పైథాన్ లాంటి భాషల్లో ఎవరికీ అక్కరలేని చోటును కంప్యూటరే ఏరి వెనక్కు తీసుకుంటుంది. 1959 ప్రాంతంలో జాన్ మెకార్తీ తన లిస్ప్ భాష కోసం ఈ ఉపాయం కనిపెట్టారు. దీన్ని చెత్త ఏరడం అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. కాని పెట్టెలో రసీదు ఉన్నంతకాలం అది కూడా సరుకు ముట్టుకోదు. ఎంత తెలివైన యంత్రమైనా మన మనసులో ఏముందో ఊహించలేదు కదా!

అంగారకుడి మీద

మెమొరీ నిండితే ఏమవుతుందో చెప్పే మరో ఉదాహరణ భూమి మీద లేదు. అమెరికావారి స్పిరిట్ అనే బండి 2004 జనవరిలో అంగారకుడి మీద దిగింది. జనవరి 21న అది సరిగా జవాబివ్వడం మానేసింది. తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతూ, మళ్లీ ఆగుతూ అవస్థపడింది. ఇక్కడ కూర్చున్న ఇంజనీర్లు కారణం వెతికారు. బండి ఫ్లాష్ మెమొరీలో ఫైళ్లు బాగా పేరుకున్నాయి. మొదలైన ప్రతిసారీ ఆ ఫైళ్ల జాబితాను పని చేసే మెమొరీలోకి తెచ్చుకోవాలి. జాబితా పెరిగి పెరిగి ఆ చోటు చాలకుండా పోయింది. ఇది రసీదు పోయిన కథ కాదు, పాతవి తీసేయకుండా పేర్చుకుంటూ పోయిన కథ.

కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న బండిని చేత్తో ఆపి మళ్లీ మొదలుపెట్టలేం. ఫ్లాష్ మెమొరీ జోలికి పోకుండా మొదలవమని రేడియోలో ఆజ్ఞ పంపారు. పాత ఫైళ్లు తీసేశారు. ఫిబ్రవరిలో ఆ మెమొరీని శుభ్రంగా తుడిచి కొత్తగా సిద్ధం చేశారు. 90 రోజుల పని కోసం పంపిన ఆ బండి ఆ తరువాత 2010 మార్చి వరకు కబుర్లు పంపింది.

మీరే చేసి చూడండి

గళ్ల కాగితం ఒకటి తీసుకోండి. అడ్డంగా నిమిషాలు, నిలువుగా మెగాబైట్లు గుర్తించండి. ముందు చదివే భాగాన్ని ఒక రంగుతో నింపండి. దాని పైన లెక్కించే భాగం, దాని పైన ముద్రించే భాగం వేరు వేరు రంగులతో వేయండి. మొత్తం ఎత్తు పైన ఇచ్చిన అంకెలతో సరిపోవాలి. మాసిఫ్ విజువలైజర్ చేసే పని ఇదే.

ఇప్పుడొక ప్రశ్న. ఈ ప్రోగ్రాము ఇదే తీరున నడుస్తూ పోతే, 64 మెగాబైట్ల మెమొరీని ఏ నిమిషంలో మొదటిసారి దాటుతుంది? జవాబు చూసే ముందు మీరు లెక్క వేయండి.

సరి సంఖ్య నిమిషాల్లో చదివే భాగం 10, లెక్కించే భాగం 15 కలిపి 25. ముద్రించే భాగం నిమిషాల సంఖ్యకు రెట్టింపు. 18వ నిమిషంలో 25కు 36 కలిపితే 61. 19వ నిమిషంలో లెక్కించే భాగం 5కు తగ్గుతుంది కనుక మొత్తం 53. 20వ నిమిషంలో 25కు 40 కలిపితే 65. దాటేసింది! 19వ నిమిషంలో చూసినవాడు ఇంకా 11 మెగాబైట్లు ఖాళీ ఉందని నిశ్చింతగా ఉంటాడు. తరువాతి నిమిషంలోనే ప్రోగ్రాము కూలుతుంది.

లండన్‌లో ఆ తెల్లవారుజామున జరిగిందీ ఇలాంటిదే. పెద్దయ్యాక మీలో కొందరు ప్రోగ్రాములు రాస్తారు. ఆసుపత్రికి, రైళ్లకు, అంబులెన్సుకు రాస్తారు. తీసుకున్న ప్రతి బైటూ తిరిగి ఇచ్చామా అని అప్పుడు గ్రాఫు గీసి చూసుకోండి.